పాత ఫొటోలోని బస్సు ఏది, ఆ వీధి ఎక్కడిది: మూడు ఇంగ్లండు ఫొటోల పరిశీలన

మీ తాతగారు 1956 నుంచి 1961 వరకు లీడ్స్ విశ్వవిద్యాలయంలో వస్త్ర పరిశ్రమకు సంబంధించిన చదువు చదివారనీ, ఆయన పెట్టెలో దొరికిన మూడు నలుపు తెలుపు ఫొటోల్లో బస్సులు కనిపిస్తున్నాయనీ, వాటి వెనుక ఏమీ రాసి లేదనీ మీరు తెలిపారు. మొదటిది లండన్ దక్షిణాన ఉన్న పర్లీ అనీ, రెండవది లీడ్స్ అనీ, మూడవది యూరప్ యాత్రలో ఎక్కడో తీసినదనీ మీ అంచనా. మూడింటినీ పెద్దవి చేసుకుని రెండు సాయంత్రాలు ఓపికగా చూశాను. మీ మూడు అంచనాలనూ మార్చుకోవలసి ఉంటుంది. అయితే ఎందుకు మార్చుకోవాలో వివరంగా చెబుతాను. ఎందుకంటే పెట్టెలో ఇంకా నలభై ఫొటోలు ఉన్నాయన్నారు, వాటిని మీరే చదువుకోగలిగితే మేలు.

అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవలసినది, బస్సు వయసు వేరు, ఫొటో వయసు వేరు. బస్సు ఏ రకానిదో తెలియగానే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కానీ బస్సు పదిహేను ఇరవై ఏళ్ళు తిరుగుతుంది, మధ్యలో చేతులు మారుతుంది, ఊరు మారుతుంది, ఒక్కోసారి చాసిస్, అంటే చక్రాలు ఇంజను ఉండే అడుగు చట్రం, అదే ఉండి పైనున్న బాడీ మొత్తం మారిపోతుంది. అందువల్ల బస్సు మనకు ఇవ్వగలిగేది ఒకవైపు హద్దు మాత్రమే: ఈ ఫొటో ఫలానా సంవత్సరానికి ముందుది కాదు అన్నంత వరకే. ఫలానా తేదీ తరువాతది కాదు అన్న రెండో హద్దు చాలాసార్లు బస్సు మీద కాక దాని చుట్టుపక్కల దొరుకుతుంది. రోడ్డులోని పట్టాలు, నెత్తిమీది తీగలు, పక్కన ఆపిన కారు, గోడ మీది ప్రకటన, ఇవన్నీ సాక్ష్యాలే. ఈ రెండు హద్దులనూ ఒకదాని దగ్గరికి ఒకటి జరుపుకుంటూ పోవాలి.

బ్రిటన్ ఫొటోలకు మొదటి ఆధారం నంబరు ప్లేటు. అక్కడ 1904 నుంచి వాహనాలకు నంబరు తప్పనిసరి అయింది. ప్రతి కౌంటీకీ, ప్రతి పెద్ద నగరానికీ ఒకటి లేదా రెండు అక్షరాల గుర్తు కేటాయించారు. ఉన్న నంబర్లు అయిపోయిన చోట్ల 1932 నుంచి ఆ గుర్తుకు ముందు మరో అక్షరం చేర్చి, మూడు అక్షరాలు మూడు అంకెల పద్ధతి తెచ్చారు. కాబట్టి మూడక్షరాల ప్లేటులో ఊరి పేరు చెప్పేవి చివరి రెండు అక్షరాలే. మొదటి అక్షరం వరుస కోసం వచ్చినది. 1953 నుంచి కొన్ని చోట్ల అంకెలు ముందుకూ అక్షరాలు వెనక్కూ వచ్చాయి. 1963లో ప్లేటు చివర సంవత్సరాన్ని తెలిపే అక్షరం మొదలై, 1965 నాటికి దేశమంతటా తప్పనిసరి అయింది. ఐ గాని జడ్ గాని ఊరి గుర్తులో కనిపిస్తే అది ఐర్లండులో నమోదైన వాహనం. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే చాలు, సగం ఫొటోలకు దశాబ్దం దొరికిపోతుంది.

ఇక మీ మొదటి ఫొటో. డ్రైవరుకు ముందు భాగంలో విడిగా చిన్న గది, దాని పక్కనే బయటికి కనిపించే నిలువు రేడియేటర్, వెనుక తలుపు లేని ఫుట్‌బోర్డు, పక్కన లండన్ ట్రాన్స్‌పోర్ట్ అన్న పేరు. ఇది ఆర్‌టీ కుటుంబానికి చెందిన డబుల్ డెక్కర్. ఈ రకంలో మొదటి బస్సు 1939లో వచ్చింది. యుద్ధం ముగిశాక 1947 నుంచి 1954 వరకు దీనినీ, దీని సోదర రకాలనూ కలిపి దాదాపు 7,000 బస్సులు చేశారు. కాబట్టి ఆకారాన్ని బట్టి ఇంతకంటే ముందుకు పోలేము. ప్లేటు మీద కేవైవై అన్న అక్షరాలు స్పష్టంగా ఉన్నాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కేవై అనేది బ్రాడ్‌ఫర్డ్ నగరపు గుర్తు. తొందరపడి మొదటి రెండు అక్షరాలు చదివితే లండన్ బస్సును ఉత్తరాన మూడు వందల కిలోమీటర్ల అవతలికి తోసేస్తాము. చివరి రెండు అక్షరాలు వైవై, అది లండన్ గుర్తు. కేవైవై వరుస ఆర్‌టీ బస్సులకు 1950 ప్రాంతంలో వేశారు. ఇది మన మొదటి హద్దు.

ముందు బోర్డు మీద 109 అనీ, పర్లీ అనీ ఉన్నందున మీరు దీనిని పర్లీ అనుకున్నారు. పాత ఫొటోల విషయంలో జరిగే పొరపాట్లలో ఇదే అన్నిటికంటే ఎక్కువసార్లు నాకు ఎదురైనది, దీనిని నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్నాను: గమ్యం బోర్డు బస్సు వెళ్ళబోయే ఊరిని చెబుతుంది, అది ఉన్న ఊరిని కాదు. నిజానికి బోర్డు మీద ఒక ఊరి పేరు ఉందంటే, ఆ బస్సు ఇంకా ఆ ఊరు చేరలేదని అర్థం. డిపోకు చేరాక బోర్డు తిప్పడం మరచిపోయిన సందర్భాలు లేకపోలేదు, కానీ వాటి మీద ఆధారపడలేము.

మరి ఈ బస్సు ఎక్కడ ఉంది? ఫొటో కుడి అంచున సగం తెగిపోయిన దీపస్తంభాన్ని చూడండి. దాని అడుగున రెండు చేపలు తోకలు పైకెత్తి స్తంభాన్ని చుట్టుకుని ఉన్నాయి. అలాంటి స్తంభాలు థేమ్స్ నది ఒడ్డున ఎంబాంక్‌మెంట్ గోడ మీద వరుసగా ఉంటాయి. 109 నంబరు బస్సు పర్లీ నుంచి వచ్చి ఎంబాంక్‌మెంట్ మీదుగా తిరిగి వెళ్ళేది. 1951 ఏప్రిల్‌లో ఆ దారిలో ట్రాములను తీసేసి వాటికి బదులుగా ఈ బస్సును వేశారు. అంటే మన మొదటి హద్దు 1950 నుంచి 1951 ఏప్రిల్‌కు జరిగింది. ఇది చేసింది బస్సు కాదు, బస్సు మీది నంబరు.

ఇప్పుడు బస్సు ముందున్న రోడ్డును భూతద్దంతో చూడండి. ట్రాము పట్టాలు రెండు ఉండవలసిన చోట మూడు గీతలు కనిపిస్తాయి. మధ్య గీత పట్టా కాదు. లండన్ నడిబొడ్డున ట్రాములకు పైన తీగలు ఉండేవి కావు. రోడ్డు కింది కాలువలో విద్యుత్తు ఉండేది, ట్రాము అడుగు నుంచి ఒక పరికరం ఆ సన్నని చీలిక గుండా కిందికి దిగి దానిని అందుకునేది. ఆ చీలికే మధ్య గీత. ఇక రెండు పక్కల గీతలు తెల్లగా మెరుస్తున్నాయి, మధ్యది మాత్రం మసకగా ఉంది. ఈ తేడాయే మనకు కావలసినది. వాడుకలో ఉన్న పట్టాను ఇనుప చక్రాలు రోజంతా రుద్దుతూ అద్దంలా ఉంచుతాయి. ట్రాములు ఆగిపోతే కొద్ది వారాల్లోనే అది తుప్పు పట్టి నల్లబడుతుంది. ట్రాములు ఆగిపోయాక కూడా పట్టాలు చాలా చోట్ల కొన్నేళ్ళ పాటు రోడ్డులోనే ఉండిపోయాయి కనుక, పట్టాలు ఉన్నంత మాత్రాన ట్రాములు నడుస్తున్నట్టు కాదు. పట్టాలు మెరుస్తుంటే మాత్రం నడుస్తున్నట్టే. వాన పడిన రోడ్డు మీద అన్నీ మెరుస్తాయి, కానీ మీ ఫొటోలో రోడ్డు పొడిగా ఉంది, నీడలు పదునుగా ఉన్నాయి. లండన్‌లో ఆ పాత ట్రాములు పూర్తిగా ఆగిపోయినది 1952 జూలై మొదటి వారంలో. అంటే ఈ ఫొటో 1951 ఏప్రిల్‌కూ 1952 జూలైకీ మధ్య తీసినది.

దీనివల్ల ఒక చిక్కు వస్తుంది. మీ తాతగారు ఇంగ్లండుకు వెళ్ళినది 1956లో. కాబట్టి ఈ ఫొటో ఆయన తీసినది కాదు. మీ స్కాన్‌లో మిగిలిన రెండు ఫొటోల అంచులు అలలు అలలుగా కత్తిరించి ఉన్నాయి, ఇది మాత్రం సాఫీగా ఉంది, కొలత కూడా వేరు. అక్కడ ఆయనకంటే ముందు ఉన్న మిత్రులెవరో ఇచ్చినదో, కొనుక్కున్నదో అయి ఉండాలి. ఫొటోలో పక్కకు తిరిగి నిలబడిన యువకుడు మీ తాతగారేనని మీ ఇంట్లో అనుకుంటున్నారని రాశారు. ఆయన కాదని చెప్పవలసి రావడం నాకు బాధగానే ఉంది, కానీ ఆ యువకుడు ఎవరో వెతకడానికి మీకు ఇప్పుడు సరైన కాలం దొరికింది.

బస్సు ఎక్కడిదన్న విషయం ఇంకా ధ్రువపరచుకోవాలంటే, కింది అంతస్తు మొదటి కిటికీ కింద రెండు చిన్న పలకలు చూడండి. ఒకటి ఆ రోజు ఆ బస్సు చేసే ట్రిప్పుల వరుస సంఖ్య. రెండవది డిపో గుర్తు. లండన్‌లో ప్రతి డిపోకూ ఒకటి రెండు అక్షరాల గుర్తు ఉండేది. మీ ఫొటోలో అది టీహెచ్, అంటే థార్న్‌టన్ హీత్, లండన్ దక్షిణ భాగం. 109 నంబరుకు అది సరిపోతుంది. ఒకదానికొకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే చోటికి తీసుకుపోతే అప్పుడు ధైర్యంగా రాసుకోవచ్చు.

రెండవ ఫొటోలో ఎత్తైన గడియారపు గోపురం ముందు డబుల్ డెక్కర్ ఉంది, మీ తాతగారు పక్కన నిలబడ్డారు. లీడ్స్‌లో చదివారు కనుక లీడ్స్ టౌన్ హాల్ అని మీరు భావించారు. మనకు తెలిసిన ఊరినే ఫొటోలో చూడాలనిపించడం సహజం. అయితే లీడ్స్ టౌన్ హాల్ గోపురం బరువుగా, చుట్టూ స్తంభాలతో, పైన గుండ్రని కప్పుతో ఉంటుంది. కింద కూడా పెద్ద స్తంభాల వరుస, మెట్ల దగ్గర సింహాలు ఉంటాయి. మీ ఫొటోలోనిది సన్నగా పైకి లేచిన ఇటలీ శైలి గోపురం. దాని కింద గోడ పొడవునా గూళ్ళలో రాజుల, రాణుల విగ్రహాలు నిలబడి ఉన్నాయి. అవి మొత్తం 35. ఇది 1873లో ప్రారంభమైన బ్రాడ్‌ఫర్డ్ టౌన్ హాల్. 1965 నుంచి సిటీ హాల్ అంటున్నారు. లీడ్స్‌కు పడమట సుమారు 14 కిలోమీటర్ల దూరం. ఉన్ని మిల్లులకు పేరుపొందిన ఊరు కనుక, వస్త్రవిద్య చదివే విద్యార్థి అక్కడికి వెళ్ళడంలో వింత లేదు.

కట్టడం నల్లగా ఉండడం చూసి ఫొటో చెడిపోయిందని రాశారు. ఫొటో బాగానే ఉంది. మిల్లుల పొగ దశాబ్దాల తరబడి పట్టి ఆ రాళ్ళు నిజంగానే అలా నల్లగా ఉండేవి. నేటి ఫొటోలతో పోల్చి చూసేవారు రంగును కాక గీతను, అంటే కప్పుల వరుసను, కిటికీల లెక్కను పోల్చుకోవాలి.

గోపురాన్ని పక్కన పెట్టినా, తీగలను బట్టి ఊరు తెలిసిపోయేది. ట్రాముకు ఒక తీగ చాలు, ఎందుకంటే విద్యుత్తు పట్టాల గుండా తిరిగి వెళ్ళిపోతుంది. పైతీగల విద్యుత్తుతో రబ్బరు టైర్ల మీద నడిచే ట్రాలీబస్సుకు ఆ వీలు లేదు, కాబట్టి పక్కపక్కనే రెండు తీగలు కావాలి. మీ ఫొటోలో ఆకాశం మీద జంట తీగలు చక్కగా కనిపిస్తున్నాయి. బ్రిటన్‌లో ట్రాలీబస్సులు మొట్టమొదట 1911 జూన్‌లో ఈ రెండు ఊళ్ళలోనే మొదలయ్యాయి. లీడ్స్ 1928లో వాటిని వదిలేసి, ట్రాములను 1959 నవంబరు 7 వరకు నడిపింది. బ్రాడ్‌ఫర్డ్ 1950 మే నెలలో ట్రాములను ఆపేసి, ట్రాలీబస్సులను 1972 మార్చి 26 వరకు నడిపింది. దేశంలో అన్నిటికంటే చివర ఆగినవి అవే. కాబట్టి 1950ల చివర, పక్కపక్కనే ఉన్న ఈ రెండు ఊళ్ళలో, ఒంటి తీగ ఉంటే లీడ్స్, జంట తీగ ఉంటే బ్రాడ్‌ఫర్డ్.

మీరు బస్సు అన్నది కూడా ట్రాలీబస్సే. ముందు రేడియేటర్ లేదు. అయితే ఇంజను వెనుక పెట్టిన లేలాండ్ అట్లాంటియన్ బస్సులు 1958 నుంచి వచ్చాయి, వాటికీ ముందు రేడియేటర్ కనిపించదు, కనుక అది ఒక్కటే చాలదు. కప్పు మీద వెనక్కి వాలి తీగలను తాకుతున్న రెండు పొడవాటి కడ్డీలే తిరుగులేని గుర్తు. మీ స్కాన్‌లో అవి గీతలు పడినట్టు కనిపించి మీరు పట్టించుకోలేదు.

ఈ ట్రాలీబస్సు ప్లేటు డీకేవై. చివరి రెండు అక్షరాలు కేవై, బ్రాడ్‌ఫర్డ్. ఆ వరుస బండ్లు కారియర్ కంపెనీ చాసిస్ మీద 1945, 1946 ప్రాంతంలో వచ్చినవి. యుద్ధం ముగిసే రోజుల్లో కట్టినవి కనుక వాటి బాడీలు మొరటుగా, మూలలు తేలి, వెనుక ఎక్కే చోటుతో ఉండేవి. మీ ఫొటోలో మూలలు గుండ్రంగా ఉన్నాయి, తలుపు ముందు చక్రానికి దగ్గరగా ఉంది. ప్లేటు ఒక మాట, బాడీ ఇంకో మాట చెబుతున్నాయన్నమాట. రెండూ నిజమే. బ్రాడ్‌ఫర్డ్ ఆ పాత చాసిస్‌లకు 1956 నుంచి 1960 వరకు ఈస్ట్ ల్యాంక్షైర్ సంస్థ చేత కొత్త బాడీలు కట్టించింది. ప్లేటును మాత్రమే చూసేవారు దీనికి పదేళ్ళ ముందటి తేదీ వేస్తారు. ఇంకో మాట, ఆ ఊరు డార్లింగ్టన్, హేస్టింగ్స్ వంటి ఊళ్ళు వదిలేసిన ట్రాలీబస్సులను కూడా కొని వాడింది. కనుక మీ పెట్టెలో జంట తీగల కింద వేరే ఊరి ప్లేటు కనిపిస్తే తికమక పడవద్దు.

ఇంకాస్త దగ్గరికి రావచ్చు. ట్రాలీబస్సు వెనుక సగం దాగిన చిన్న కారును చూడండి. దాని చక్రాలు పక్కన నడుస్తున్న మనిషి మోకాలి వరకు కూడా రావడం లేదు. పది అంగుళాల చక్రాల ఆ పొట్టి కారు మినీ. అది మార్కెట్లోకి వచ్చినది 1959 ఆగస్టు చివర. మీ తాతగారు 1961లో తిరిగి వచ్చారు. కాబట్టి ఇది 1959 ఆగస్టుకూ 1961కీ మధ్యది. బోర్డు మీద ఉన్న థార్న్‌టన్ బ్రాడ్‌ఫర్డ్‌కు పడమట ఉన్న ఊరు, పైన చెప్పిన లండన్ థార్న్‌టన్ హీత్‌తో సంబంధం లేదు. ఇంగ్లండులో ఆ పేరుతో ఇంకా ఎన్నో ఊళ్ళు ఉన్నాయి. ఊరి పేరు ఒక్కటే దొరికితే ఎప్పుడూ ఆగిపోవద్దు.

ఆయన సరిగ్గా ఎక్కడ నిలబడ్డారో తెలియాలంటే మూడు పనులు చేయండి. వెనుక కొట్టు మీద కనిపించే పేరును ఆ కాలపు కెల్లీ డైరెక్టరీలో, అంటే ఊరి కొట్లు, నివాసుల చిరునామాల పుస్తకంలో, వెతికితే వీధి పేరు, ఇంటి నంబరు దొరుకుతాయి. స్కాట్లండ్ జాతీయ గ్రంథాలయం తన వెబ్‌సైటులో పెట్టిన పాత ఆర్డినెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపులలో ఇంగ్లండువి కూడా ఉచితంగా చూడవచ్చు. యుద్ధం తరువాతి పెద్ద కొలత మ్యాపులలో ఇంటి నంబర్లు కూడా ఉంటాయి. మూడవది నీడ. బ్రిటన్‌లో వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు కనుక సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉండేది పన్నెండుకు కాదు, సుమారు ఒంటి గంటకు. మీ ఫొటోలో గోపురం మీది గడియారం చదవడానికి వీలుగా ఉంది, మనుషులు కోట్లు లేకుండా ఉన్నారు. ఆ సమయానికి నీడ పడే దిశను మ్యాపు మీద గీస్తే కెమెరా ఏ వైపు చూస్తున్నదో తెలుస్తుంది.

మూడవ ఫొటోలో డ్రైవరు ఎడమవైపు ఉన్నాడు కనుక అది యూరప్ అన్నారు. నిలబడిన ముగ్గురు మగవారి కోట్లు చూడండి. మగవారి కోటులో ఎడమ అంచు పైకి వస్తుంది. ఇక్కడ ముగ్గురికీ కుడి అంచు పైన ఉంది. ముగ్గురూ ఒకే రోజు ఒకే పొరపాటు చేయరు. నెగటివ్‌ను తిరగేసి ముద్రించారు. అద్దంలో చూసినట్టు తిప్పితే డ్రైవరు కుడికి, తలుపు ఎడమకు వస్తాయి, బ్రిటన్ పద్ధతి కుదురుతుంది. పొడుచుకు వచ్చిన బానెట్, గుండ్రని వెనుక భాగం ఉన్న ఈ కోచ్ బెడ్‌ఫర్డ్ ఓబీ, బాడీ డ్యూపుల్ సంస్థది, సాధారణంగా 29 సీట్లు. 1939లో మొదలై, యుద్ధం వల్ల ఆగి, మళ్ళీ 1951 దాకా తయారయ్యాయి. చిన్న చిన్న యజమానులు వీటిని విహారయాత్రలకు తిప్పేవారు.

ఒక విన్నపం. ఈ ఫొటోలకు రంగులు అద్దే యాప్‌లు గాని, మసకను పదును చేసే యాప్‌లు గాని వాడకండి. అవి ఊహించి నింపుతాయి. మీరు పంపిన పదును చేసిన ప్రతిలో డీకేవై కాస్తా డీఎక్స్‌వై అయింది. ఆ ఒక్క అక్షరంతో బస్సు ఊరే మారిపోయేది. రంగు విషయమూ అంతే. లండన్ నగరంలో ఎర్ర బస్సులు, శివార్ల అవతల ఆకుపచ్చ బస్సులు తిరిగేవి; నలుపు తెలుపు ఫొటోలో రెండూ ఇంచుమించు ఒకే బూడిద రంగులో పడతాయి, యాప్ మాత్రం అన్నిటికీ ఎరుపే పూస్తుంది.

మూడవ ఫొటోను అసలు ముద్ర నుంచి, అంగుళానికి కనీసం 1,200 చుక్కల చొప్పున, ఏ సవరణా లేకుండా మళ్ళీ స్కాన్ చేయండి. నాకు కావలసినది మనుషుల వెనుక, కోచ్ తలుపు పక్కన, నేలకు దగ్గరగా ఉండే కింది పలక. కోచ్ యజమాని పేరూ చిరునామా చిన్న అక్షరాలతో ఎడమ పక్కన రాయించాలని అక్కడ చట్టం ఉండేది. ప్రస్తుత ప్రతిలో అక్కడ రెండు వరుసల తెల్లని చుక్కలు కనిపిస్తున్నాయి, రెండో వరుస కాస్త పొట్టిది. నెగటివ్ తిరగబడింది కనుక ఆ అక్షరాలు కుడి నుంచి ఎడమకు ఉంటాయి. తిప్పి చూస్తే ఆ కోచ్ ఏ ఊరి నుంచి బయలుదేరిందో చదవగలమని నా ఆశ.